గృహవైద్యము: నిద్రమాత్రల సంగతి

నెల్లూరు జిల్లా పడమటి మెట్టసీమలో, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములకు చేరువగా, కలిగిరి యను నూరు గలదు. దూబగుంట ఆ మండలములోనిదే. 1992లో దూబగుంట స్త్రీలు సారాయంగడిని మూయించిన వృత్తాంతము మీలో పెద్దలైనవారికి జ్ఞాపకముండవచ్చును. పగలెల్ల కూలికి పోయి రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొనిన స్త్రీలు, వర్ధినేని రోశమ్మగారి వంటివారు ముందు నిలువగా, ఆ పని చేసిరి. ఆ కదలిక జిల్లా యంతటను, పిమ్మట రాష్ట్రమంతటను వ్యాపించెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారాయియు, 1995 జనవరినుండి మద్యమంతయు నిషేధింపబడెను. ఆ రెండవ నిషేధము 1997లో సడలిపోయినది. అది వేఱు కథ.

ఈ నెల మన ప్రసంగము సారాయిని గుఱించి కాదు, నిద్రమాత్రలను గుఱించి. అయినను దూబగుంట పేరెత్తుటకు కారణము గలదు. సారాయి మెదడులో నే తావున పనిచేయునో, ఈ మాత్రలును ఇంచుమించుగా నా తావుననే పనిచేయును. సారాయి యింటికి వచ్చినచో దాని వాసన దాగదు; త్రాగిన మగవానిని వీధియంతయు నెఱుగును. మాత్రకు వాసన లేదు. అది తలగడక్రింద నిమిడిపోవును, పోపులపెట్టెలో నిమిడిపోవును. రెండేండ్లుగా మాత్ర లేనిదే కన్నుమూయలేని యిల్లాలి సంగతి ఒక్కొకచో భర్తకైనను తెలియదు. ఆమెకే సరిగా తెలియదని చెప్పినను తప్పులేదు.

ఇవి యేవి? ఆల్ప్రజోలామ్, డయజెపామ్, లోరజెపామ్, క్లోనజెపామ్, నైట్రజెపామ్, క్లోర్‌డయజెపాక్సైడ్ అనునవి ముఖ్యమైనవి. మన పెద్దవారు కాంపోజ్ అని వాడుక చేసినది డయజెపామే. వైద్యులు ఈ కుటుంబము నంతటిని బెంజోడయజెపైన్లందురు. మన యిండ్లలో మాత్రము గుండెదడ బిళ్ళ, గాబరా బిళ్ళ, నిద్రమాత్ర అనియే పేరు.

వీని యవసరము మన స్త్రీలకు కలుగుట వింత కాదు. కలిగిరిలో పొగాకు వేలపు కేంద్రమున్నది. అప్పుచేసి సాగుచేసి, బ్యారనులో ఆకు పక్వమునకు తెచ్చి, వేలమున ధర యేమి పలుకునో యని యెదురుచూచు కుటుంబమున నిద్రపట్టనిది ఒక్క రైతునకే కాదు. వానకొఱకు ఆకాశము వైపు, దూరదేశమునకు పోయిన కొడుకు ఫోనుకొఱకు గోడవైపు చూచుచు గడపు తల్లుల సంగతియు నట్టిదే. గుండె దడదడ కొట్టుకొనును, చేతులు చెమర్చును, ప్రాణము పోవునేమో యని భయము పుట్టును. దానిని మనోదౌర్బల్యమని యెగతాళి చేయువారికి ఆ బాధ తెలియదు. అది నిజమైన వ్యాధి, చికిత్స గలది.

ఈ మందుల పుట్టుక చిత్రమైనది. ఇరువదవ శతాబ్ది మొదటి సగమున నిద్రకును నెమ్మదికిని బార్బిట్యురేట్లను నౌషధములు వాడుచుండిరి. అవి కొంచెమెక్కువైనను ఊపిరి నిలిచి ప్రాణము పోవుచుండెను. హాఫ్‌మన్-లా రోష్ కంపెనీకి అమెరికాలో నున్న పరిశోధనశాలలో లియో స్టెర్న్‌బాఖ్ అను రసాయనవేత్త కొన్ని క్రొత్త పదార్థములు తయారుచేసి, ఫలము కనబడక ప్రక్కకు నెట్టెను. 1957లో బల్లలు శుభ్రముచేయునపుడు, పరీక్షింపక మిగిలిపోయిన పొడి యొకటి బయటపడినది. దానిని పరీక్షింపగా జంతువులు మత్తులో పడకయే శాంతించెను. అదియే క్లోర్‌డయజెపాక్సైడ్, 1960లో లిబ్రియమ్ అను పేర బజారునకు వచ్చెను. 1963లో వేలియమ్ అను పేర డయజెపామ్ వచ్చెను. వెనుకటివానికంటె ఇవి యెంతో భద్రమైనవి. అందు సందేహము లేదు. ఆ భద్రతయే తర్వాతి చిక్కునకు కారణమైనది. ప్రమాదము లేదన్న మందును ఎవరు మాత్రము లెక్కపెట్టి వాడుదురు?

1969 మొదలు 1982 వఱకు అమెరికాలో వైద్యుల చీటీపై అత్యధికముగా అమ్ముడైన మందు డయజెపామ్. వాడినవారిలో స్త్రీలే హెచ్చు. ఇంటిపని విసుగునకు, పిల్లల యల్లరికి, భర్త యలక్ష్యమునకు ఒక్కటే మాత్ర యన్నట్లు ప్రకటనలు సాగినవి. 1978లో ఆ దేశపు మాజీ అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డు, తాను మద్యమునకును వైద్యులిచ్చిన మాత్రలకును లోబడితినని బహిరంగముగా చెప్పినది. ఆమె దొంగచాటుగా సంపాదించిన మాత్రలు కావవి. నరపు నొప్పికని, నెమ్మదికని వైద్యులే యేండ్ల తరబడి వ్రాసి యిచ్చినవి. ఆమె చికిత్స పొంది కోలుకొని, 1982లో ఇతరుల కొఱకు చికిత్సాలయమును నెలకొల్పినది. అంతటి స్త్రీ నోరు విప్పిన పిదపనే అక్కడి సామాన్య గృహిణులనేకులు తమ మాటయు చెప్పుకొనిరి. మన యిండ్లలో నా నోరు విప్పుట యింకను రాలేదు.

మెదడులో గాబా యను పదార్థము గలదు; బండికి బ్రేకు వంటిది. నరముల యుద్రేకమును తగ్గించుట దాని పని. ఈ మాత్రలు ఆ బ్రేకును మఱింత గట్టిగా పట్టించును. అందుచేతనే అరగంట గంటలోపల దడ తగ్గి, ఒడలు వదులై, నిద్ర వచ్చును. మొదటి దినములలో నిది వరమువలె తోచును. కాని కొన్ని వారములు దినదినమును వాడినచో మెదడు తన సొంత బ్రేకును సడలించుకొనును. అపుడు పాత మోతాదు చాలదు. అఱమాత్ర ఒకటి యగును, ఒకటి రెండగును. మాత్ర మానినచో నిద్ర పూర్వముకంటె చెడును, దడ రెట్టింపగును. "చూచితిరా, నా జబ్బు పోలేదు, మాత్ర మానరాదు" అని రోగి యనుకొనును. అది జబ్బు కాదు. చాలమట్టుకు మాత్ర మానుటవలన పుట్టిన బాధ. ఈ రెంటిని వేఱుచేసి చూచుట వైద్యునకును కష్టమే.

ఇందు ముఖ్యమైన విషయమును మఱి గట్టిగా చెప్పవలసియున్నది. ఈ మాత్రలు నెలల తరబడి వాడినవారు వీనిని ఒక్కసారిగా మానరాదు. చేతులు వణకుట, చెమటలు, వాంతులు, నిద్రలేమి మాత్రమే కాదు. మూర్ఛలు రావచ్చును, మతి చలించి లేనివి కనబడవచ్చును, ప్రాణమే పోవచ్చును. ఆల్ప్రజోలామ్ వంటివి ఒంటినుండి త్వరగా తొలగును గనుక ఒకటి రెండు దినములలోనే బాధ మొదలగును. డయజెపామ్ నెమ్మదిగా తొలగునది. దాని బాధ వారమునకు గాని తెలియకపోవచ్చును. అందుచేత "మాని నాలుగు దినములైనది, ఏమియు కాలేదు" అని ధైర్యపడుటయు పొరపాటే.

దీనికి నిదర్శనము దూరదేశములలో వెదకనక్కఱలేదు. తెలంగాణలో కల్తీకల్లు సమస్య చిరకాలమునుండి యున్నది. కల్లునకు మత్తు హెచ్చుటకై కొందఱు డయజెపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేటు అను మందులను కలుపుచుందురు. 2015లో నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో అధికారులు ఈ కల్తీని కఠినముగా అరికట్టగా, దినము నట్టి కల్లు త్రాగుచుండిన పేదలు అనేకులు వింత వింత చేష్టలతో, వణకుతో, మూర్ఛలతో ఆసుపత్రులపాలైరి. తాము త్రాగినది కల్లనియే వారి నమ్మకము. ఒడలు మాత్రము ఆల్ప్రజోలామ్‌నకు బానిసయై యుండెను. కల్తీని ఆపుట మంచిపనియే కదా! మంచిపనిని ఒక్కనాటిలో చేయుటచే నింత విపత్తు వచ్చినది. 2025 జూలైలో హైదరాబాదు కూకటుపల్లి ప్రాంతమున కల్తీకల్లువలన కొందఱు మరణించినపుడును ఆ కల్లులో ఆల్ప్రజోలామ్ ఉన్నట్లు పరీక్షలలో బయటపడినది.

ఇక మన యింటిలోనికి రండు. అత్తగారు మూడేండ్లుగా రాత్రి యొక మాత్ర వేసికొనుచున్నదనుకొనుడు. పట్నమునుండి వచ్చిన కొడుకు పత్రికలో ఏదో చదివి, "ఇది మత్తుమందు, విషము" అని అట్టయంతయు చెత్తలో పాఱవేయును. అతని ప్రేమను శంకింపనక్కఱలేదు. కాని మూడవనాటి రాత్రి ఆమెకు మూర్ఛ వచ్చినచో దోషమెవరిది? నేను వ్రాయునది చదివి మీరును అట్లు చేయుదురేమో యని నా భయము. మాత్ర పెట్టెలోనే యుండనిండు, మీరు వైద్యునికడకు పొండు.

మానుట యెట్లన్న, మెల్లమెల్లగా తగ్గించుటయే మార్గము. ప్రతి రెండు మొదలు నాలుగు వారములకు మోతాదులో నూటికి 5 నుండి 10 వంతులు తగ్గించుట నేటి వైద్యశాస్త్రజ్ఞులు సామాన్యముగా చెప్పు పద్ధతి. కొందఱికి కొన్ని వారములు, కొందఱికి ఏడాదియు పట్టవచ్చును. త్వరగా తొలగు మాత్రను మార్చి, నెమ్మదిగా తొలగు డయజెపామ్‌ను ఇచ్చి, దానిని తగ్గించుట కూడ గలదు. ఆ లెక్క వేయవలసినది వైద్యుడు. బాధ యెక్కువైనచో తగ్గించుటను కొన్నాళ్ళు ఆపవచ్చును. ఇందు సిగ్గుపడవలసినది లేదు. ఉప్పు తగ్గించుకొనుటకే మనకు నెలలు పట్టునే!

మందును దూషించుట నా యుద్దేశము కాదు. ఆగకుండ వచ్చు మూర్ఛలను ఆపుటకు దీనిని మించినవి అరుదు. శస్త్రచికిత్సకు ముందు భయము తీర్చుటకు దీనినిత్తురు. తీవ్రమైన గాబరా రోగికి మొదటి కొద్ది దినములు గట్టెక్కుటకు నిది పనికివచ్చును. దినమును త్రాగు మగవాడు ఒక్కసారి త్రాగుడు మానినపుడు వచ్చు వణకును, మూర్ఛను తప్పించుటకు ఆసుపత్రులలో క్లోర్‌డయజెపాక్సైడ్‌నే యిచ్చి, దినదినమును తగ్గించుచు మాన్పింతురు. సారాయిపై పోరాడిన సీమవారు ఈ సంగతిని తప్పక తెలిసికొనవలెను: భర్తచే నొట్టు పెట్టించి ఒక్కనాడు త్రాగుడు మాన్పించుటకంటె ఆసుపత్రికి తోడుకొని పోవుట మేలు. కాని ఆ మాత్రలను వేసికొనుచు పైన మద్యము త్రాగుట పరమప్రమాదము; రెండును కలిసి ఊపిరిని అణచివేయును. ట్రమడాల్ వంటి గట్టి నొప్పిమాత్రలతో, కోడీన్ గల దగ్గుమందులతో కూడ నిదే భయము. జలుబునకు వేసికొను సెట్రిజిన్ సైతము మత్తును పెంచును.

సామాన్యముగా రెండు మొదలు నాలుగు వారములకు మించి దినమును వాడకుండుట మేలని వైద్యుల మాట. కావున మొదటి చీటీ వ్రాయించుకొనునాడే "ఎన్నాళ్ళు వాడవలెను? ఎట్లు మానవలెను?" అని అడుగుడు. డాక్టరుగారి ముందు నోరెత్తుట మర్యాద కాదని మనవారి తలంపు. ఈ రెండు ప్రశ్నలు మాత్రము అమర్యాద కానేరవు.

ఇపుడు అక్షరముల మాట. దూబగుంట స్త్రీలు తెలుగక్షరములు నేర్చిరి. మాత్రల అట్టపై పేరు ఇంగ్లీషున నుండును. అందువలన చదువుకొనిన తల్లులకు సైతము అది గుడ్డి వ్రాతయే. ఇంట బడికి పోవు పిల్ల యున్నచో దానిచే చదివింపుడు. పేరు చివర "జెపామ్" అనిగాని "జోలామ్" అనిగాని వినబడినచో అది యీ కుటుంబపు మందే. అట్టపై ఎఱ్ఱని గీతల చట్రములో హెచ్చరికయు నుండును. 2014 మార్చి 1వ తేదీనుండి అమలులోనున్న హెచ్-1 పట్టికలో ఈ మందులలో పలు చేరియున్నవి. చీటీ లేనిదే వీనిని అమ్మరాదు. ఆ పట్టికలోని మందును అమ్మినపుడు రోగి పేరు, వైద్యుని పేరు, ఎన్ని మాత్రలన్నది దుకాణదారు ప్రత్యేక పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపఱుపవలెను. "మనవాడే, చీటీ లేకున్నను ఇచ్చును" అని దుకాణదారుని మెచ్చుకొనుట మనము మానవలెను. అతడు మనకు చేయునది మేలు కాదు.

ఒక చిక్కు గలదు. పేరు వేఱుగా నుండి లోపల నీ మందే యుండు మాత్రలు మన దేశమున అనేకము. కడుపుబ్బరమునకు, ప్రేగుల నొప్పికి ఇచ్చు కొన్ని మాత్రలలో క్లిడినియమ్‌తో కూడ క్లోర్‌డయజెపాక్సైడ్ చేరియుండును. "నేను వాడునది గ్యాసు బిళ్ళయే" అని యామె యేండ్ల తరబడి మ్రింగుచుండును. మానిన నాడు దడయు నిద్రలేమియు నేల వచ్చినవో తెలియదు. దిగులునకు ఇచ్చు ఎస్సిటలోప్రామ్‌తో క్లోనజెపామ్‌ను కలిపి ఒకే మాత్రగా అమ్ముటయు నట్టిదే. ఎస్సిటలోప్రామ్ నెలల తరబడి వాడదగినది. క్లోనజెపామ్ కొద్ది దినములకే తగినది. ఒకే బిళ్ళలో ముడివేసినచో ఒకదానికొఱకు రెండవదియు సాగిపోవును. కనుక అట్టపై ఒకే పేరు చదివి ఊరకుండక, క్రింద చిన్న యక్షరములలో నున్న పేర్లన్నియు చదివింపుడు.

వృద్ధుల విషయమున మఱింత జాగ్రత్త కావలెను. వారి యొంటిలో మందు ఎక్కువసేపు నిలుచును. రాత్రి మూత్రమునకు లేచి తూలిపడి తుంటి యెముక విఱుగుట, మఱునాడు మతిమఱపు, మగత మొదలగునవి వీనివలన తఱచుగా కలుగును. "ముసలితనము వచ్చినది, మఱచిపోవుచున్నది" అని మన మనుకొను దానిలో కొంత మాత్రపాలు ఉండవచ్చును. గురకపెట్టుచు నిద్రలో ఊపిరి తడబడువారికి, ఉబ్బసము గలవారికి ఇవి హానికరములు. గర్భిణి వైద్యునికి తప్పక చెప్పవలెను. కాన్పు దినములలో వాడినచో పుట్టిన శిశువు మెత్తబడి పాలు సరిగా కుడువకపోవచ్చును. ఆమెయు తనంతట తాను హఠాత్తుగా మానరాదు. మాత్ర వేసికొనిన మీదట స్కూటరు నడుపరాదు. పొయ్యిపై నూనె పెట్టి కూర్చుండరాదు.

మఱి గుండెదడకు ఉపాయమేమి? మొదట అది మనసువలననే వచ్చినదా యని చూచుకొనవలెను. మన స్త్రీలలో రక్తహీనత మెండు. రక్తము తక్కువైనను దడ వచ్చును, ఆయాసము వచ్చును. గొంతుక్రింది థైరాయిడు గ్రంథి మితిమీఱి పనిచేసినను దడ, చెమట, నిద్రలేమి కలుగును. రక్తపరీక్ష చేయింపక ముందే నిద్రమాత్ర నిచ్చుట నాకు నచ్చదు. నిజముగా ఆందోళన రోగమే యైనచో, ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలీన్ వంటివి నేడు ముందుగా నిచ్చు మందులు. ఇవి పనిచేయుటకు రెండు మొదలు ఆఱు వారములు పట్టును. ఆ యోపిక లేకనే పలువురు మరల నిద్రమాత్ర నాశ్రయింతురు. ఇవి ఆ విధముగా మోతాదు పెంచుకొను నలవాటు చేయవు. అయినను వీనిని కూడ ఒక్కసారిగా కాక, తగ్గించియే మానవలెను. మందు లేక, భయమును క్రమముగా నెదుర్కొను విధమును నేర్పు మానసిక చికిత్సయు గలదు. దాని ఫలము ఎక్కువ కాలము నిలుచును. పల్లెలలో అది సులభముగా దొరకదన్న మాట నిజము. జిల్లావారికి నెల్లూరి ప్రభుత్వ పెద్దాసుపత్రి యున్నది. 2022 అక్టోబరునుండి ప్రభుత్వము నడుపు టెలీమానస్ వారికి 14416 సంఖ్యకు ఫోను చేసినచో ఏ వేళనైనను తెలుగున ఉచితముగా మాటలాడుదురు. పేరు చెప్పుకొనుటకు బిడియపడు సోదరికి ఇది సౌకర్యము.

మాత్రలను పసిపిల్లల కందని చోట నుంచుట, ఒకరికి వ్రాసినది మఱియొకరికి ఇయ్యకుండుట మీకు చెప్పనక్కఱలేదు. ఇంటిలో ఎవరైనను బ్రదుకుమీద విసుగుతో మాటలాడుచున్నచో మాత్రల పెట్టె వారి చేతికి విడువక, ఏ నాటి మాత్ర ఆ నాడు మీరే యిండు. ఎవరైనను ఎక్కువగా మ్రింగి లేపినను లేవకున్నచో, నోట నేమియు పోయక, ప్రక్కకు ఒత్తిగిలబెట్టి, 108కి ఫోను చేసి, ఖాళీ అట్టను కూడ ఆసుపత్రికి తీసికొని పొండు. ఏ మందన్నది వైద్యునికి దానివలననే తెలియును.